రికవరీ తర్వాత డేటా చెడిందన్న అనుమానం: మరమ్మతుకు ముందు తేల్చవలసినవి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ ముమ్మరంగా చేరేది జూన్, జూలై నెలల్లో. ప్రతి బండికీ కాటా దగ్గర రెండు తూకాలు పడతాయి. సరుకుతో ఒకటి, దించిన తర్వాత ఖాళీ బండికి ఇంకొకటి. రెండింటి తేడా రైతు ఖాతాలో జమ అవుతుంది. ఇలాంటి ఒక ఫ్యాక్టరీలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు సర్వర్ ఆగిపోయిందని, అది తిరిగి లేవకపోవడంతో బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను కొత్త యంత్రంపై నిలబెట్టారని అనుకుందాం. మర్నాడు ఫిర్యాదులు మొదలవుతాయి. చీటీ నంబర్ల మధ్య ఖాళీలున్నాయి. జాబితాలో కనిపిస్తున్న రైతు, వెతికితే దొరకడం లేదు. ఇంకొకరికి రెండు ఖాతాలు వచ్చాయి. ముందురోజు సాయంత్రం తూకాలు అసలే లేవు. ఈ నాలుగింటినీ కలిపి ‘డేటా కరప్ట్ అయింది’ అనేస్తారు గానీ, నాలుగింటికీ కారణాలు వేరు కావచ్చు, వాటిలో ఒకటి రెండు అసలు లోపాలే కాకపోవచ్చు.

రికవరీ తర్వాత వచ్చే ఇలాంటి అనుమానాన్ని మూడు వేర్వేరు ప్రశ్నలుగా విడదీయకుండా పని మొదలుపెట్టడం ప్రమాదకరం. డిస్కుపై ఉన్న బైట్లు చెడ్డాయా? బైట్లు బాగానే ఉన్నా టేబుల్ ఒక మాట, దాని ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పేర్చి ఉంచే సూచిక) ఇంకో మాట చెబుతున్నాయా? లేక డేటా అంతా సవ్యంగానే ఉండి, మనం అనుకున్న సమయానిది కాకుండా వేరే సమయానిదా? మొదటిదానికి మందు బ్యాకప్, రెండోదానికి ఇండెక్స్ పునర్నిర్మాణం, మూడోదానికి సరైన సమయానికి మళ్లీ రికవరీ. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఉన్న డేటా కూడా పోతుంది. అసలు ప్రమాదం చేసిన నష్టం కంటే దాని తర్వాత తొందరపడి చేసిన మరమ్మతు చేసే నష్టమే తరచుగా ఎక్కువ.

అందుకే ముందు చేయవలసింది పరీక్ష కూడా కాదు, నకలు. డేటాబేస్‌ను ఆపి, డేటా ఫైళ్లనూ వాటితోపాటు ప్రతి మార్పునూ జరిగిన క్రమంలో రాసుకునే లాగ్ ఫైళ్లనూ మొత్తంగా వేరే డిస్కుకు కాపీ చేసి, ఆ కాపీని ఎవరూ తాకకుండా ఉంచాలి. నడుస్తున్న డేటాబేస్ ఊరికే ఉండదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆటోవాక్యూమ్ అనే నేపథ్య ప్రక్రియ పాత వరుసల అవశేషాలను తుడిచేస్తూ పోతుంది, ఏం జరిగిందో చెప్పగలిగే సాక్ష్యం తరచుగా ఆ అవశేషాల్లోనే ఉంటుంది. ఆగిపోయిన పాత డిస్కును చెరిపి దానిపైనే బ్యాకప్‌ను దించడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే బ్యాకప్‌లో లేని చివరి గంటల లాగ్ ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. సీజన్‌లో గేటు ముందు బండ్లు బారులు తీరి ఉండగా సర్వర్ ఆపమంటే యాజమాన్యం ఒప్పుకోవడం కష్టమే. అయినా ఒక పూట కాటా చీటీలను చేత్తో రాసుకోవచ్చు, చెరిగిపోయిన లాగ్‌ను మాత్రం ఎవరూ రాయలేరు.

ముందుగా లోపం కానివాటిని పక్కకు తీసేస్తే పని తేలికవుతుంది. చీటీ నంబర్ల మధ్య ఖాళీలు అలాంటివే. పోస్ట్‌గ్రెస్‌లో వరుస సంఖ్యలు ఇచ్చే సీక్వెన్స్ ప్రతి సంఖ్యనూ విడిగా లాగ్‌లో నమోదు చేయదు. వేగం కోసం 32 సంఖ్యలను ముందుగానే లాగ్‌లో రాసిపెట్టుకుంటుంది, క్రాష్ తర్వాత ఆ ముందుగా రాసుకున్న చోటు నుంచి మొదలవుతుంది. మధ్యలోవి ఎవరికీ ఇవ్వకుండానే పోతాయి. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి ఇంకా పెద్ద అంగలతో కనిపిస్తుంది. సర్వర్ అర్ధంతరంగా ఆగితే ఐడెంటిటీ (దానంతట అదే పెరిగే వరుస) సంఖ్య మామూలు పూర్ణాంకాల కాలమ్‌లో 1000 వరకు, పెద్ద పూర్ణాంకాల కాలమ్‌లో 10,000 వరకు ముందుకు దూకవచ్చు. చీటీ నంబరు ఒకేసారి వెయ్యి దాకా దూకడం చూసి వెయ్యి తూకాలు పోయాయని బెంబేలెత్తడం అర్థం చేసుకోదగినదే, కానీ పోయినది ఏమీ లేదు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పరిస్థితి మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందటి వెర్షన్లలో ఉంది, అది ఖాళీల కంటే చాలా చెడ్డది. వాటిలో డేటాను నిలవచేసే ఇన్నోడీబీ అనే భాగం వాడే ఆటో ఇంక్రిమెంట్ (తర్వాత ఇవ్వవలసిన సంఖ్య) లెక్క మెమరీలో మాత్రమే ఉండేది. సర్వర్ మళ్లీ మొదలైనప్పుడు టేబుల్‌లో ఉన్న అతి పెద్ద సంఖ్య ఏదో చూసుకుని దాని తర్వాతిది ఇచ్చేది. చివరి చీటీలను రద్దుచేసి వరుసలు తొలగించి ఉంటే, రద్దైన నంబరే ఇంకో రైతుకు వెళ్తుంది. పాత చీటీ ఒకరి చేతిలో, అదే నంబరుతో కొత్త చీటీ ఇంకొకరి చేతిలో ఉంటాయి. ఏ సమగ్రతా పరీక్షా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే డేటాబేస్ దృష్టిలో అక్కడ తప్పేమీ లేదు. 8.0 నుంచి ఆ లెక్కను లాగ్‌లో నిలవ ఉంచుతున్నారు.

కొన్ని నష్టాలు ముందే ఒప్పుకున్నవి. పోస్ట్‌గ్రెస్‌లో అన్‌లాగ్డ్‌గా ప్రకటించిన టేబుల్ క్రాష్ రికవరీ తర్వాత ఖాళీగా మిగులుతుంది, అది దాని స్వభావం. సింక్రనస్ కమిట్‌ను (లాగ్ డిస్కుకు చేరేదాకా ఆగి లావాదేవీని ఖాయం చేయడాన్ని) ఆపి పెట్టుకుంటే చివరి సెకను లోపలి లావాదేవీలు పోవచ్చు, కానీ పోయినవి పూర్తిగా పోతాయి, సగం మిగలడం జరగదు. ఒరాకిల్ డేటాబేస్‌లో నోలాగింగ్ (లాగ్‌లో రాయని) పద్ధతిలో ఎక్కించిన డేటా, మీడియా రికవరీ (బ్యాకప్ ఫైళ్లపై లాగ్‌ను మళ్లీ అమలుచేయడం) తర్వాత చెడిన బ్లాకులుగానే కనిపిస్తుంది. చెడిన బ్లాకును తెలిపే ఓరా 1578తో పాటు 26040 సందేశం కూడా వస్తే, డిస్కును అనుమానించే ముందు ఆ డేటాను ఎలా ఎక్కించారో అడగాలి.

ఇక సమయం సంగతి. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక నిర్ణీత సమయానికి రికవరీ చేయమని చెప్పేటప్పుడు టైమ్‌జోన్ రాయకపోతే, సర్వర్ సెట్టింగ్‌లో ఉన్న టైమ్‌జోన్‌నే అది తీసుకుంటుంది. మధ్యాహ్నం 2 గంటలకు ఎవరో పొరపాటున చెరిపిన వరుసల కోసం 1.55కు రికవరీ చేయమంటే, యూటీసీ సర్వర్ దాన్ని మన రాత్రి 7.25గా అర్థం చేసుకుంటుంది. చెరిపివేత కూడా మళ్లీ యథాతథంగా అమలవుతుంది, ‘రికవరీ చేసినా డేటా రాలేదు’ అనిపిస్తుంది. తారుమారు ఇంకో దిశలో జరిగితే ఐదున్నర గంటల పని మాయమవుతుంది. సాయంత్రం తూకాలు లేవన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడవలసింది ప్రతి ముఖ్యమైన టేబుల్‌లో చివరి నమోదు ఏ సమయానిదో. అన్ని టేబుళ్లూ ఒకే క్షణం దగ్గర ఆగితే అది చెడిపోవడం కాదు, రికవరీ అక్కడే ఆగింది. ఒక్కో టేబుల్ ఒక్కో చోట ఆగితే మాత్రం అనుమానం బలపడుతుంది.

పాత బ్యాకప్ వచ్చిందా అన్నది తేల్చడానికి తేదీల కంటే నమ్మకమైన గుర్తులు ఒక్కోసారి మాస్టర్ టేబుళ్లలో (జిల్లాలు, మండలాల లాంటి స్థిర వివరాల పట్టికల్లో) దొరుకుతాయి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా నుంచి, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి అందులోకి వచ్చాయి. రికవరీ చేసిన డేటాబేస్‌లో శ్రీకాళహస్తి రైతులు చిత్తూరు జిల్లా కింద కనిపిస్తే డేటా చెదిరిందని తేల్చేయకూడదు. మండలాల పట్టిక ఒక్కటీ ఏదో పాత ఫైల్ నుంచి విడిగా ఎక్కి ఉండవచ్చు, లేదా మొత్తం బ్యాకప్పే పాతది కావచ్చు. నివేదికలు ప్రధాన సర్వర్ నుంచి కాకుండా స్టాండ్‌బై (దాన్ని అనుసరించే నకలు సర్వర్) నుంచి వస్తుంటే ఇంకో చిక్కు ఉంది. ఒక సమయానికి రికవరీ చేసిన తర్వాత పోస్ట్‌గ్రెస్ కొత్త టైమ్‌లైన్ (మార్పుల చరిత్రలో కొత్త శాఖ) మొదలుపెడుతుంది. పాత టైమ్‌లైన్‌లోనే మిగిలిపోయిన స్టాండ్‌బై, ప్రధాన సర్వర్‌లో ఇక లేని చరిత్రను చూపిస్తూ ఉంటుంది. రెండు తెరల మీద రెండు మొత్తాలు కనిపించినప్పుడు ఏ తెర ఏ సర్వర్‌కు కలిసి ఉందో ముందు కనుక్కోవాలి.

జాబితాలో ఉన్న రైతు వెతికితే దొరకకపోవడం వీటన్నిటికంటే ఆసక్తికరమైన కేసు, మన ప్రాంతపు డేటాలో తరచుగా ఎదురవడానికి అవకాశమున్న కేసు కూడా. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా అక్షరాల వరుస క్రమాన్ని తాను నిర్ణయించుకోదు, లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం పెద్ద ఎత్తున మారింది. దీన్ని చూపడానికి అందరూ వాడే చిన్న ఉదాహరణ ఇది: ఇంగ్లిష్ అమెరికా లొకేల్‌లో (భాష, ప్రాంతాల అమరికలో) ‘11’, ‘1-1’ అనే రెండు విలువలను పేర్చమంటే పాత లైబ్రరీ ‘11’ను ముందు పెడుతుంది, కొత్తది ‘1-1’ను ముందు పెడుతుంది. అడ్డగీతలతో రాసే డోర్ నంబర్లు, సబ్‌డివిజన్‌తో కలిపి రాసే సర్వే నంబర్లు ఉన్న ఏ ఆంధ్రప్రదేశ్ డేటాబేస్ అయినా ఈ మార్పు దారిలో నేరుగా నిలబడి ఉంది.

రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి 8కి, డెబియన్ 9 నుంచి 10కి, ఉబుంటు 18.04 నుంచి 20.04కి మారినప్పుడు ఈ గీత దాటుతారు. పాత సర్వర్ కాలిపోయి కొత్తది కొన్నప్పుడు దానిపై కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉండటం సహజం. ఫైళ్ల స్థాయి బ్యాకప్‌ను దానిపై దించితే డేటా ఫైళ్లు ఒక్క బైటూ మారకుండా వస్తాయి, చెక్‌సమ్‌లన్నీ (రాసిన డేటా మారలేదని సరిచూసే సంఖ్యలు) సరిపోతాయి, డేటాబేస్ మామూలుగా మొదలవుతుంది. కానీ ఇండెక్స్ పాత క్రమంలో పేర్చి ఉంటుంది, వెతకడం కొత్త క్రమంలో జరుగుతుంది. బీ-ట్రీ ఇండెక్స్‌లో ప్రతి మలుపు దగ్గరా పోలిక చూసి ఎడమకో కుడికో వెళ్లాలి. ఒక్క మలుపులో పోలిక తారుమారైతే వెతుకులాట వేరే కొమ్మలోకి దిగి, అక్కడ ఏమీ లేదని నిజాయితీగానే జవాబిస్తుంది. జాబితా మొత్తం తెరిస్తే టేబుల్‌ను నేరుగా చదువుతుంది కాబట్టి రైతు కనిపిస్తాడు. కాటా గుమాస్తా రైతు లేడనుకుని మళ్లీ నమోదు చేస్తాడు. ఒకే సర్వే నంబరు రెండుసార్లు రాకూడదన్న యూనిక్ నిబంధన కూడా అదే ఇండెక్స్‌ను అడిగి అనుమతి ఇచ్చేస్తుంది. రెండు ఖాతాల ఫిర్యాదు ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. మొదటి ఫిర్యాదును పట్టించుకోకపోవడం వల్ల పుట్టిన రెండో ఫిర్యాదు అది.

ఈ కేసును నిర్ధారించడం కష్టం కాదు. ఇండెక్స్‌ను వాడి వెతికే పద్ధతులైన ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్-ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడింటినీ ఆ సెషన్‌లో ఆపి అదే ప్రశ్నను మళ్లీ అడగాలి. ముందు రాని వరుస ఇప్పుడు వస్తే లోపం ఇండెక్స్‌లో ఉంది, టేబుల్‌లో లేదు. డేటాబేస్ మొత్తాన్ని చూడాలంటే పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఆమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. 11లో టేబుల్‌లోని ప్రతి వరుసా ఇండెక్స్‌లో ఉందో లేదో చూసే వీలు, 14లో టేబుల్‌నే పరీక్షించే వీలు, అన్నిటినీ ఒక్క ఆదేశంతో నడిపే పీజీ_ఆమ్‌చెక్ వచ్చాయి. రీఇండెక్స్ చేస్తే (ఇండెక్స్‌ను కొత్తగా కడితే) క్రమం సరిపోతుంది. అయితే యూనిక్ ఇండెక్స్‌లోకి అప్పటికే నకిలీలు చొరబడి ఉంటే రీఇండెక్స్ విఫలమవుతుంది, కాబట్టి ముందు నకిలీ ఖాతాలను గుర్తించి, వాటి కింద పడిన తూకాలను అసలు ఖాతాకు మార్చాలి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ తన అక్షర క్రమం వెర్షన్‌ను గుర్తుపెట్టుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పోవడానికి వెర్షన్‌ను రిఫ్రెష్ చేసే ఆదేశం ఒకటి ఉంది. అది హెచ్చరికను మాత్రమే ఆపుతుంది, ఇండెక్స్‌ను బాగుచేయదు. రీఇండెక్స్ చేయకుండా ఆ ఆదేశం ఇవ్వడమంటే తర్వాత వచ్చేవారికి దారి మూసేయడమే.

నిజంగా బైట్లు చెడిన సందర్భానికి వస్తే, డేటాబేస్ ఒకేసారి చదివి రాసే ముక్కను పేజీ అంటారు, పోస్ట్‌గ్రెస్‌లో అది 8 కిలోబైట్లు, ఇన్నోడీబీలో మామూలుగా 16 కిలోబైట్లు. కింద ఉన్న వ్యవస్థ 4 కిలోబైట్ల ముక్కలుగా రాస్తుంది కాబట్టి, కరెంటు పోయిన క్షణంలో పేజీలో సగం కొత్తది, సగం పాతది మిగిలే అవకాశం ఉంది. దీనికి విరుగుడుగా పోస్ట్‌గ్రెస్ ప్రతి చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డిస్కుకు చేర్చే ఘట్టం) తర్వాత మొదటిసారి మారే పేజీని మొత్తంగా లాగ్‌లో రాస్తుంది, ఇన్నోడీబీ పేజీని ముందు వేరే చోట రాసి ఉంచే డబుల్‌రైట్ బఫర్ వాడుతుంది. వేగం కోసం ఈ రెండింటినీ ఆపేసిన సర్వర్లు అక్కడక్కడా తగులుతాయి. వాటిలో రికవరీ తర్వాతి అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాసింది డిస్కుకు చేరిందని డ్రైవ్ అబద్ధం చెప్పే అవకాశమూ ఉంది. కరెంటు పోయినా లోపలి క్యాష్‌ను కాపాడుకునే కెపాసిటర్లు లేని చౌక ఎస్‌ఎస్‌డీలపై డేటాబేస్ పెట్టినప్పుడు ఈ ప్రశ్న తప్పదు.

చెక్‌సమ్ ఇక్కడ మంచి సాక్షి, అయితే దాని పరిధి తెలిసి వాడుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 9.3 నుంచి ఉన్నా 18వ వెర్షన్ రాకముందు దానంతట అది అమల్లో ఉండేది కాదు, కాబట్టి ఉందో లేదో మొదట చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 నుంచి కొత్త డేటాబేస్‌లకు అదే మామూలు పద్ధతి. రాసిన తర్వాత పేజీలో మార్పు వచ్చిందా అన్నది చెక్‌సమ్ చెబుతుంది. తప్పు సంఖ్యనే సక్రమంగా రాస్తే చెప్పలేదు. కొత్త పేజీ డిస్కుకు చేరకుండా పాతదే మిగిలిపోతే, ఆ పాత పేజీ చెక్‌సమ్ కూడా సరిగ్గానే ఉంటుంది కాబట్టి అప్పుడూ చెప్పలేదు. డంప్ తీసి (డేటానంతా చదివి ఒక ఫైల్‌గా రాసి) చూడటం ఇంకో మార్గం. అది ప్రతి టేబుల్‌నూ చదువుతుంది కాబట్టి విరిగిన పేజీ దగ్గర ఆగిపోతుంది, కానీ ఇండెక్స్‌లను తాకదు. డంప్ విజయవంతంగా వచ్చిందంటే ఇండెక్స్‌లు బాగున్నట్టు కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డీబీసీసీ చెక్‌డీబీ అనే పరీక్షా ఆదేశం టేబుళ్లు, ఇండెక్స్‌లు రెండింటి పరీక్షనూ కలిపి చేస్తుంది. డిస్కు లోపాలను తెలిపే 823, 824 తప్పులతో పాటు, చదవడం మొదటిసారి విఫలమై తర్వాత కుదిరినప్పుడు వచ్చే 825 సందేశాన్ని కూడా లాగ్‌లో వెతకాలి. మామూలు ఎర్రర్‌లా కనిపించని ఈ సందేశం తరచుగా డిస్కు పోబోతోందన్న తొలి సూచన.

పోస్ట్‌గ్రెస్‌లో మనుషులు తమ చేత్తో తెచ్చుకునే లోపం ఒకటుంది. నడుస్తున్న డేటాబేస్ నుంచి తీసిన బ్యాకప్‌లో బ్యాకప్_లేబుల్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. లాగ్‌ను ఎక్కడి నుంచి మళ్లీ అమలుచేయాలో అది చెబుతుంది. కావలసిన లాగ్ దొరకనప్పుడు డేటాబేస్ మొదలవదు, సందేశంలో ఆ ఫైల్ ప్రస్తావన వస్తుంది. ఇది బ్యాకప్ కాకపోతేనే ఫైల్ తీసేయమని, బ్యాకప్ అయితే తీసేస్తే డేటా చెడుతుందని ఆ సూచనలోనే ఉంటుంది. సగం చదివి ఫైల్ తీసేసేవారు ఉంటారు. అప్పుడు డేటాబేస్ చక్కగా మొదలవుతుంది, కానీ బ్యాకప్ తీస్తున్న సమయంలో జరిగిన మార్పులు కొన్ని పేజీల్లో ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. ఒక్కో టేబుల్ ఒక్కో సమయం దగ్గర ఆగినట్టు కనిపిస్తే, రికవరీ చేసినవారు ఏ ఆదేశాలు ఇచ్చారో కమాండ్ హిస్టరీలో చూడటం పరీక్షా సాధనాలన్నిటికంటే త్వరగా జవాబిస్తుంది.

తెలుగు అక్షరాలు పాడైన కేసు వేరుగా చూడాలి. డంప్‌ను తప్పు క్యారెక్టర్ సెట్‌తో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతితో) ఎక్కిస్తే పేర్లు రెండు రకాలుగా చెడతాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. మొదటి బైట్ ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. వాటిని పాశ్చాత్య క్యారెక్టర్ సెట్‌గా చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘à’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. చూడటానికి భయంకరంగా ఉన్నా ఇందులో సాధారణంగా బైట్లు అన్నీ ఉన్నాయి, వెనక్కి మార్చవచ్చు. పేరు స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు కనిపించి, హెక్స్‌లో (బైట్ల అసలు విలువలుగా) చూసినా ప్రతి చోటా 3F అనే విలువే ఉంటే ఆ పేరు పోయినట్టే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ కాని కాలమ్‌లోకి తెలుగు వెళ్లినప్పుడు జరిగేది ఇదే. హెక్స్‌లో బైట్లు సరిగ్గా ఉండి తెరపై మాత్రమే చెడి కనిపిస్తే డేటాబేస్ జోలికి వెళ్లకూడదు, క్లయింట్ సెట్టింగ్ మార్చాలి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన డేటాబేస్‌లో కూడా లెక్కలు తప్పు కావచ్చు. మైఎస్‌క్యూఎల్ డంప్ ఎక్కేటప్పుడు ఫారిన్ కీ తనిఖీని (ఒక టేబుల్ సూచించే వరుస ఇంకో టేబుల్‌లో ఉందా అని చూడటాన్ని) ఆపి, చివర మళ్లీ పెడుతుంది. మళ్లీ పెట్టినప్పుడు అప్పటికే ఉన్న వరుసలను తిరిగి పరీక్షించదు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రిగ్గర్లు (డేటా మారినప్పుడు వాటంతటవే నడిచే పనులు) ఆపి డేటా ఎక్కించినా ఇంతే. అందుచేత రైతు లేని తూకాలు, తూకం లేని చెల్లింపులు ఉన్నాయేమో విడిగా ప్రశ్నలు రాసి వెతకాలి. ప్రతి చీటీలో స్థూల బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే నికర బరువు రావాలి, అది రాని చీటీలను వేరుచేయాలి. అంతకంటే బలమైనవి డేటాబేస్ బయట ఉన్న సాక్ష్యాలు: కాటా దగ్గర ముద్రించిన చీటీల కార్బన్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, రైతుల ఫోన్లకు వెళ్లిన మెసేజ్‌లు. చెక్‌సమ్ పేజీ సంగతి చెబుతుంది. రైతుకు ఎన్ని క్వింటాళ్ల డబ్బు రావాలో ఆ కార్బన్ నకలే చెబుతుంది.

చెడిపోవడం నిజమే అని తేలితే, అది ఎప్పుడు మొదలైందన్నది తర్వాతి ప్రశ్న. వేరే యంత్రంపై అదే బ్యాకప్‌ను దించి, లాగ్‌ను ఏమీ కలపకుండా ఒకసారి, సగం దాకా కలిపి ఒకసారి, మొత్తం కలిపి ఒకసారి అవే పరీక్షలు నడపాలి. బ్యాకప్‌లోనే లోపం ఉంటే ఇంకా పాత బ్యాకప్‌కు వెళ్లాలి. కొత్త యంత్రంపై లోపమే కనిపించకపోతే పాత యంత్రపు డిస్కు గానీ మెమరీ గానీ దోషి, అలాంటప్పుడు ఆ యంత్రంపై ఎన్నిసార్లు మరమ్మతు చేసినా మళ్లీ చెడుతుంది. ఈ పనికి ఒక రోజు పట్టవచ్చు, కానీ దీనితో వచ్చే జవాబు ఇంకే మార్గంలోనూ రాదు.

మరమ్మతు ఆదేశాల దగ్గరకు చివరగానే వెళ్లాలి, అదీ నకలుపైనే. పోస్ట్‌గ్రెస్‌లో జీరో_డ్యామేజ్డ్_పేజెస్ చెడిన పేజీని బాగుచేయదు, దానిలోని వరుసలన్నిటినీ లేనట్టుగా చూపిస్తుంది. లాగ్‌ను చెరిపేసే పీజీ_రీసెట్‌వాల్ డేటాబేస్‌ను మొదలవనిస్తుంది గానీ, ఆ తర్వాత దానిని నమ్మి వాడకూడదు. వెంటనే డంప్ తీసి కొత్త డేటాబేస్‌లో ఎక్కించాలి. ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీకి 1 నుంచి 6 వరకు మెట్లున్నాయి. 4, ఆపైవి డేటా ఫైళ్లను శాశ్వతంగా చెడగొట్టగలవని మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది, కాబట్టి 1 నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ, డంప్ వచ్చిన మెట్టు దగ్గరే ఆగాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని రిపేర్_అలౌ_డేటా_లాస్ తన పేరులోనే నష్టాన్ని చెప్పుకుంటుంది. ఏవి తొలగిస్తుందో నిర్ణయించేటప్పుడు అది ఫారిన్ కీలను పట్టించుకోదు, అందుకే దాని తర్వాత ఆ తనిఖీలన్నీ మళ్లీ చేయాలి. లాగ్ బ్యాకప్‌లు ఉన్న చోట, చెడిన కొద్ది పేజీలను మాత్రమే బ్యాకప్ నుంచి తెచ్చుకునే వీలు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ ఒరాకిల్‌లోనూ ఉంది. అది వీలైనప్పుడు మిగతా దారులు ఆలోచించనక్కర్లేదు.

కాగితం చీటీల నుంచి తిరిగి ఎక్కించిన తూకాలు అసలైనవాటితో కలిసిపోకుండా, మూలం ఏదో తెలిపే ఒక అదనపు కాలమ్‌లో గుర్తు పెట్టి ఎక్కించాలి. సీజన్ ముగిసి చెల్లింపుల మీద వివాదం వస్తే, ఏ వరుస యంత్రం రాసింది, ఏ వరుస మనిషి రాసింది అన్న ప్రశ్నకు అప్పుడు జవాబు ఉంటుంది.